కొరియా సీరమ్, చెన్నై ఎండ

చెన్నై షావుకారుపేట టోకు అంగళ్లకు గూడూరు, నాయుడుపేట, నెల్లూరు నుంచి బ్యూటీపార్లర్ నడిపే ఆడవాళ్లు సరుకు కోసం వస్తుంటారు. పొద్దున రైలెక్కి సెంట్రల్‌లో దిగి, సంచులు నింపుకుని మధ్యాహ్నం బండికి వెనక్కి వెళ్లిపోతారు. కౌంటర్ దగ్గర వాళ్లు మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఇది ఒరిజినలేనా?" అంగడివాడి జవాబూ ఒకటే. "కొరియా నుంచి డైరెక్ట్‌గా వచ్చిన సరుకక్కా, కావాలంటే స్టిక్కర్ చూసుకో." ఆమె స్టిక్కర్ ఉందా లేదా అని చూస్తుంది, అందులో ఏం రాశారో చదవదు. బేరం తెగిపోతుంది.

ఈమధ్య వాట్సాప్‌లో ఒక ఫొటో కూడా తిరిగింది. ఒకే బ్రాండు విటమిన్ సి సీరమ్ సీసాలు రెండు, పక్కపక్కన. ఒకదానిలో ద్రవం లేత పసుపు, రెండోదానిలో డికాక్షన్ రంగు. "రెండోది డూప్లికేట్, ఎవరూ మోసపోకండి" అని కింద రాశారు. ఫొటోను కాస్త పెద్దది చేసుకుంటే రెండు పెట్టెల మీదా తయారీ తేదీలు కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఏడాదికి పైగా తేడా ఉంది. దాన్ని నలుగురికీ పంపినవాళ్లు ఆ సంగతి పట్టించుకున్నట్టు లేదు.

నా ఉద్దేశంలో ఆ రెండూ అసలు సరుకే అయ్యుండాలి. రెండోది ముసలిదైపోయింది, అంతే. విదేశీ చర్మ సంరక్షణ సరుకు కొనేటప్పుడు మనం భయమంతా నకిలీ మీద పెట్టుకుని, అసలు సరుకు ఎంత కాలం, ఎంత వేడిలో గడిపి మన చేతికి వచ్చిందన్నది వదిలేస్తున్నాం. మన చట్టం కూడా దాదాపు అదే చేస్తోంది. కాగితాలు గట్టిగా చూస్తుంది, క్యాలెండరును తేలిగ్గా వదిలేస్తుంది, థర్మామీటర్ జోలికే పోదు. మందులకూ తిండికీ ఉన్నట్టు దిగుమతి నాటికి మిగిలి ఉండాల్సిన ఆయుష్షును సౌందర్య సాధనాలకు కూడా శాతంలో నిర్ణయించాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

రంగు ఎందుకు మారింది

విటమిన్ సి సీరమ్‌లలో ఎక్కువ పేరున్నది ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్. చర్మంలోకి దిగాలంటే ద్రావణం పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి. నీటిలో కరిగాక అది నిలకడగా ఉండదు. గాలిలోని ఆక్సిజన్, వెలుతురు, వేడి, రవ్వంత ఇనుమో రాగో తగిలినా ఆక్సీకరణ మొదలవుతుంది. ముందు డీహైడ్రో ఆస్కార్బిక్ యాసిడ్‌గా మారుతుంది. అక్కడి నుంచి ఇంకా విరిగిపోతే మళ్లీ వెనక్కి రాదు. ఆ విరిగిన ముక్కలే పసుపు, నారింజ, చివరికి గోధుమ రంగు. ఫెరూలిక్ యాసిడ్, విటమిన్ ఇ కలిపితే ఈ పని నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. కాబట్టి ఆ రంగు నకిలీకి గుర్తు కాదు. నిజానికి నకిలీ చేసేవాడు ఆస్కార్బిక్ యాసిడ్ వేయకపోతే రంగు మారడానికి అందులో ఏమీ ఉండదు.

విటమిన్ ఎ రూపమైన రెటినాల్‌ది కూడా ఇలాంటి కథే, కాకపోతే రంగులో అంతగా బయటపడదు. మార్కెట్లో ఉన్న రెటినాయిడ్ (రెటినాల్, దాని బంధువులు) ఉత్పత్తుల్ని 40 డిగ్రీల దగ్గర ఆరు నెలలు ఉంచి చూస్తే కొన్నిట్లో అసలు పదార్థం దాదాపు ఏమీ మిగల్లేదు. మూత తీసిన మనిషికి క్రీమ్ క్రీమ్‌లాగే ఉంటుంది. అందుకే నాకు విటమిన్ సి కంటే రెటినాల్ విషయంలోనే ఎక్కువ దిగులు.

సన్‌స్క్రీన్‌లో చెడేది వేరు. అది నూనె, నీరు కలిసి నిలబడిన మిశ్రమం. వేడి తగిలి మళ్లీ చల్లారడం పదేపదే జరిగితే ఆ కలయిక సడలుతుంది, జింక్ ఆక్సైడ్ ఉంటే ఉండలు కడుతుంది. ట్యూబ్ నొక్కగానే ముందు నీళ్లో నూనో కారి, తర్వాత ముద్ద వస్తుంది. అలాంటిది ముఖాన సమంగా పరుచుకోదు, పరుచుకోని చోట ఎస్‌పీఎఫ్ 50 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా రక్షణ ఉండదు. వాడే ముందు ఊపమని రాసి, లోపల గోళీ వేసి అమ్మే జపాన్ రకాల సంగతి వేరు, అవి విడిపోయేలాగే చేస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ సన్‌స్క్రీన్ సీసాలను నేరుగా ఎండలో ఉంచవద్దని, బయటికి వెళ్తే తువ్వాలులో చుట్టి నీడలో పెట్టుకోమని చెబుతుంది. బీచ్‌లో ఒక పూట గురించి చెప్పిన మాట అది. మన సీసా అంతకుముందే రేకు పెట్టెలో వారాలు గడిపి వస్తుంది.

సీసా ప్రయాణం

కొరియా బ్రాండ్లలో చాలామటుకు సొంత ఫ్యాక్టరీ ఉన్నవి కావు. కాస్‌మాక్స్, కోల్మార్ కొరియా లాంటి కంపెనీలు ఎన్నో బ్రాండ్లకు చేసి, నింపి ఇస్తాయి. నింపిన సరుకు బ్రాండు గోదాముకో ఎగుమతిదారు గోదాముకో చేరుతుంది. ఇక్కడే మొదటి ఆలస్యం. చెన్నై నుంచి వెళ్లే ఆర్డర్లలో చాలావరకు చిన్నవి. కొత్త బ్యాచ్ నింపించేంత పరిమాణం ఉండదు కాబట్టి గోదాములో ఉన్నదే పంపుతారు. పాత బ్యాచ్ అయితే ధర తగ్గిస్తారు కూడా. తగ్గించిన ధర చూసి దిగుమతిదారు సంబరపడతాడు. ఆ తగ్గింపు ఎందుకొచ్చిందో పెట్టె మీద తేదీలోనే ఉంది.

చిన్న ఆర్డర్‌కు పూర్తి కంటైనర్ దొరకదు, ఎల్‌సీఎల్‌లో వస్తుంది. అంటే పదిమంది సరుకు ఒకే కంటైనర్‌లో. ఇది షేర్ ఆటో లాంటిది, నిండితే తప్ప కదలదు. బుసాన్‌లో ఎక్కినది సింగపూర్‌లోనో పోర్ట్ క్లాంగ్‌లోనో దిగి ఇంకో ఓడ కోసం ఆగుతుంది. చెన్నైకో కాట్టుపల్లికో చేరాక మాధవరం, మణలి వైపు ఉన్న కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌కు లారీలో వెళ్తుంది. అందులో ఉన్న పదిమందిలో ఒకరి కాగితాలు తేడా వచ్చినా పెట్టె విప్పడం ఆలస్యం కావచ్చు.

తర్వాత కస్టమ్స్. ఈ సౌందర్య సాధనాలు సుంకాల పట్టికలో 3304 శీర్షిక కింద వస్తాయి. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే ఏం దిగుమతి చేశామో చెప్పే పత్రం, వేయగానే అది డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల పోర్టు ఆఫీసుకు కూడా వెళ్తుంది, వాళ్ల ఎన్‌ఓసీ లేకుండా సరుకు బయటికి రాదు. 2013 ఏప్రిల్ నుంచి విదేశీ సౌందర్య సాధనాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇప్పుడది కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద నడుస్తోంది. కాస్-1 దరఖాస్తు, కాస్-2 సర్టిఫికెట్. ఆగిపోయే సరుకు ఎందుకు ఆగుతుందో లింగి చెట్టి వీధి, తంబు చెట్టి వీధి క్లియరింగ్ ఏజెంట్లలో ఎవర్ని అడిగినా చెబుతారు. సర్టిఫికెట్‌లో ఒక ఫ్యాక్టరీ చిరునామా ఉంటుంది, బ్రాండువాళ్లు ఈసారి ఇంకో ఫ్యాక్టరీలో నింపించి ఉంటారు. సర్టిఫికెట్‌లో లిప్‌స్టిక్ షేడ్లు కొన్నే ఉంటాయి, పెట్టెలో కొత్త షేడ్ ఒకటి ఎక్కువ ఉంటుంది. ఉచిత శాంపిళ్లని వేసిన చిన్న సాషేలు అసలు రిజిస్టరే అయి ఉండవు. పెట్టె మీద మొటిమలు నయం చేస్తుందని రాసి ఉంటే అది మందు కిందికి వస్తుందన్న ప్రశ్న లేస్తుంది. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే, అధికారుల్ని నేను తప్పు పట్టను. కానీ ప్రశ్నకూ జవాబుకూ మధ్య సరుకు ఎక్కడుంది? యార్డులో, ఎండలో.

చెన్నై నుంగంబాక్కంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. అంత లేకపోయినా రోహిణి కార్తెలో 40 అటూ ఇటూ మామూలే. బయట 40 ఉన్నప్పుడు మూసిన ఉక్కు కంటైనర్‌లో పైవరస పెట్టెల దగ్గర 55 దాటవచ్చు. రాత్రికి దిగుతుంది, తెల్లారి మళ్లీ ఎక్కుతుంది. నిలకడగా ఉండే వేడి కంటే ఈ ఎక్కడం దిగడమే క్రీములకు ఎక్కువ చేటు. కింద వరసలో, మధ్యలో ఉన్న పెట్టెలకు ఇంత దెబ్బ తగలదు. ఒకే బ్యాచ్, ఒకే ఓడ, ఒకే అంగడి. అయినా ఒక సీసా బాగుండి ఇంకొకటి చెడిపోవడానికి ఇదీ ఒక కారణం. అప్పుడు కూడా మనం అనేది డూప్లికేట్ కలిపేశారనే.

కాగితాలు సరిపోయాక బాండెడ్ గోదాములో, అంటే సుంకం కట్టేలోపు సరుకు ఉంచే గోదాములో, స్టిక్కర్లు వేస్తారు. దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, ఎమ్మార్పీ లాంటివి భారతదేశానికి ప్రత్యేకం కాబట్టి సరుకు వచ్చాక అతికిస్తారు. బాండులో 90 రోజులు దాటితే సుంకం మీద ఏడాదికి 15 శాతం వడ్డీ పడుతుంది. ఆ భయంతో చాలామంది లోపే తీసేస్తారు. రేకుల కప్పు కింద ఆ 90 రోజులు ఎలాంటివో ఎవరూ రాసి పెట్టరు.

స్టిక్కర్ కింద

ఆ స్టిక్కర్‌ను దగ్గర పెట్టుకుని చూడాలి. సుమారు అగ్గిపెట్టంత కాగితం, అక్షరాలు చీమ తలకాయంత. దాని మీద ఉండాల్సినవి: దిగుమతిదారు చిరునామా, ఆర్‌సీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, తయారైన దేశం, పరిమాణం, ధర, బ్యాచ్ నంబరు, తయారీ నెల, యూజ్ బిఫోర్ నెల. చాలా పెట్టెల మీద ఇది సరిగ్గా అసలు తేదీ ముద్రించిన చోటే అతికించి ఉంటుంది. ప్రతిసారీ కావాలనే చేస్తారని అనను. పెట్టె మీద ఖాళీ జాగా అక్కడే ఉంటుంది. కానీ కొనేవాడికి అసలు తేదీ కనపడకుండా పోతుంది.

యూరప్ నియమం వేరుగా ఉంటుంది. 30 నెలలకు పైగా నిలిచే సరుకైతే గడువు తేదీ వేయనక్కర్లేదు. తెరిచిన డబ్బా బొమ్మ వేసి 12ఎమ్ అని రాస్తే చాలు, తెరిచాక పన్నెండు నెలలని అర్థం. జపాన్‌లో మూడేళ్లకు మించి నిలిచే వాటికి తేదీ అవసరం లేదు. మన నియమం ప్రకారం మాత్రం తేదీ ఉండాలి. అంటే ఫ్రాన్స్ క్రీమ్ మీదో జపాన్ లోషన్ మీదో మనకు కనిపించే యూజ్ బిఫోర్ నెల చాలాసార్లు అసలు పెట్టె మీద లేనే లేదు. బ్యాచ్ నంబరును పట్టుకుని తయారీదారు ఇచ్చిన సమాచారంతో ఇక్కడ వేసిన తేదీ అది. నిజాయితీగల దిగుమతిదారు దాన్ని సరిగ్గానే వేస్తాడు. ఆ తేదీని సరిచూసుకోవడానికి కొనేవాడి చేతిలో ఉన్నది ఒక్కటే, బ్యాచ్ నంబరు. స్టిక్కర్ మీద నంబరు, సీసా అడుగునో ట్యూబ్ మడత మీదో గుద్దిన నంబరు ఒకటే అయ్యుండాలి. రెండూ కలవకపోతే ఆ సీసా పక్కన పెట్టేయాలి. నకిలీ అయ్యుండవచ్చు, ఇంకో బ్యాచ్ స్టిక్కర్ పొరపాటున పడి ఉండవచ్చు. ఏదైనా ఆ తేదీని నమ్మడానికి లేదు.

కొరియా పెట్టెల మీద తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వరసలో ఉంటుంది. 20250312 అంటే 2025 మార్చి 12. కొన్నిటి మీద తయారీ తేదీ ఒక్కటే, కొన్నిటి మీద గడువు ఒక్కటే ఉంటుంది. తయారీ తేదీని గడువు అనుకుని మంచి సరుకును వెనక్కిచ్చేవాళ్లూ ఉన్నారు. అలాంటిచోట స్టిక్కర్ మీది రెండు నెలల్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఏదో తేలిపోతుంది.

ఆరు నెలలు చాలవు

కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం దిగుమతి నాటికి యూజ్ బిఫోర్ ఆరు నెలల కంటే తక్కువ ఉన్న సరుకును తీసుకురాకూడదు. వినడానికి బాగానే ఉంది. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. 36 నెలల ఆయుష్షున్న క్రీమ్ 30 నెలలు గడిపాక కూడా చెన్నైలో చట్టబద్ధంగా దిగవచ్చు. ఆరింట ఐదొంతులు అయిపోయాయి. ఆ మిగిలిన ఆరు నెలల్లో కస్టమ్స్, స్టిక్కర్లు, డిస్ట్రిబ్యూటర్, అంగడి అయ్యేసరికి రెండు మూడు నెలలు పోతాయి. చివరికి మిగిలేది ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే అట్టముక్క.

మందులకు ఇలా లేదు. దిగుమతి నాటికి ఆయుష్షులో 60 శాతం మిగిలి ఉండాలి. తిండి పదార్థాలకు 60 శాతం గానీ మూడు నెలలు గానీ, ఏది తక్కువైతే అది. సౌందర్య సాధనాలకు మాత్రమే శాతం లేని ఆరు నెలలు. మందుకు పెట్టిన లెక్కే ఇక్కడా పెడితే 24 నెలల సీరమ్ 14.4 నెలల ఆయుష్షుతో దిగాలి, అంటే నింపిన తొమ్మిదిన్నర నెలల్లోపు. 36 నెలల క్రీమ్‌కు పద్నాలుగు నెలల పైచిలుకు గడువు దొరుకుతుంది. ఓడ, కస్టమ్స్, స్టిక్కర్ అన్నీ కలిపి రెండు మూడు నెలల పనైనప్పుడు ఇది మోయలేని భారం కాదు. దీనివల్ల నిజంగా దెబ్బ తినేది పాత బ్యాచ్‌లు చౌకగా ఏరుకొచ్చే వ్యాపారం.

చిన్న దిగుమతిదారుల్ని ఇది నలిపేస్తుందన్న వాదన ఉంది. దాన్ని కొట్టిపారేయలేను. రిజిస్ట్రేషన్ ఫీజు డాలర్లలో కట్టాలి, వర్గానికి వేరు, ఫ్యాక్టరీకి వేరు, రకానికి వేరు. అది కట్టి, నెలల తరబడి ఆగి, తీరా బ్యాచ్ పాతదని సరుకు వెనక్కి పోతే చిన్నవాడు లేవలేడు. పెద్ద కంపెనీకి ఆ బాధ ఉండదు. అందుకని అన్నిటికీ ఒకేసారి 60 శాతం పెట్టనక్కర్లేదు. సబ్బు, షాంపూ, కాటుకకు ఇప్పుడున్న ఆరు నెలలు ఉండనివ్వండి. ఆస్కార్బిక్ యాసిడ్, రెటినాల్ ఉన్నవాటికీ సన్‌స్క్రీన్‌కూ మాత్రం శాతం పెట్టండి. జాబితా చిన్నది, పోర్టులో పదార్థాల పట్టీ చూసి తేల్చేయవచ్చు. దిగుమతి నెల కూడా స్టిక్కర్ మీద పడాలి. ఇప్పుడు కొందరు వేస్తారు, చాలామంది వేయరు.

కాదనేవాళ్ల మాట

ఇంత వేడి భయం అనవసరమని ఫార్ములేషన్ తెలిసినవాళ్లు అంటారు. వాళ్ల మాటలో బలముంది. ఏ బాధ్యతగల తయారీదారైనా 40 డిగ్రీలు, 75 శాతం తేమలో నెలల తరబడి ఉంచి చూశాకే ఆయుష్షు నిర్ణయిస్తాడు. గడ్డకట్టించి కరిగించడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం కూడా చేస్తారు. అయితే ఆ పరీక్షలో చాలాసార్లు చూసేది రంగు, వాసన, చిక్కదనం, పీహెచ్, సూక్ష్మక్రిములు. అసలు పదార్థం ఎంత మిగిలిందని కొలవడం అందరూ చేసే పని కాదు. మందుల స్థిరత్వ పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో కొరియా, జపాన్‌లకు 25 డిగ్రీలు, 60 శాతం తేమ. భారతదేశానికి 30 డిగ్రీలు, 70 శాతం. సొంత దేశపు వాతావరణానికి నిర్ణయించిన ఆయుష్షును ఆ దేశం దాటాక అలాగే నమ్మడం నాకు సబబుగా తోచదు.

ఇంకో మాట కూడా నిజమే. మనవాళ్లు ఎక్కువగా కొనే కొరియా సరుకులో చాలాభాగం మొండి సరుకు. విటమిన్ బి3 రకమైన నియాసినమైడ్ వేడికి చెక్కుచెదరదు. అడినోసిన్, గ్లిజరిన్, సెంటెల్లా ఉన్న క్రీములకు పెద్ద ముప్పు లేదు. కొరియాలో ఫంక్షనల్ కాస్మెటిక్స్ అని వేరే వర్గం ఉంది. అందులో నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం, అడినోసిన్ 0.04 శాతం అని కొలతలు కట్టేశారు. అవి కొనేవాళ్లు కంటైనర్ వేడి గురించి నిద్ర పాడు చేసుకోనక్కర్లేదు. యూరియా క్రీము మాత్రం చూసి కొనాలి. వేడికి యూరియా విరిగి అమ్మోనియా వాసన వస్తుంది, పీహెచ్ పెరుగుతుంది.

మన దేశంలో తయారైనది మాత్రం ఏసీ లారీలో వస్తోందా అని అడుగుతారు. రాదు. కానీ అది వారంలో అంగడికి చేరగలదు, ఓడ మారనక్కర్లేదు, యార్డులో ప్రశ్నలకు జవాబులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అందుకే ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ సీరమ్ ఒక్కటీ ఇక్కడ చేసినదే, తయారీ నెల చూసి, రెండు మూడు నెలల లోపుది కొనమని చెబుతాను. బ్రాండు మోజు వేరే వాటి మీద తీర్చుకోవచ్చు.

నకిలీల భయం ఉత్తదని మాత్రం అనను. పాదరసం వేసిన తెల్లబడే క్రీములు నిజంగా ప్రాణం మీదికి తెస్తాయి. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవాళ్లలో మూత్రపిండాల జబ్బు బయటపడింది. మన నియమాల్లో అనుకోకుండా చేరిన పాదరసం పది లక్షల్లో ఒక వంతు మించకూడదు, కంటి చుట్టూ వాడేవాటికి మాత్రం 70 వంతులు. పాదరసం వాడకాన్ని అదుపు చేసే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం దేశాలు 2023లో ఆ ఒక వంతు మినహాయింపు కూడా తీసేయాలని, 2025 నాటికి పాదరసం కలిపిన సౌందర్య సాధనాలు ఆపేయాలని నిర్ణయించాయి. దిగుమతిదారు పేరు లేని, రిజిస్ట్రేషన్ నంబరు లేని, వారంలో ముఖం తెల్లబడుతుందనే డబ్బా ఏ దేశానిదైనా ముట్టుకోకండి. అక్కడ స్టిక్కర్ ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న, ఒప్పుకుంటాను. స్టిక్కర్ ఉన్న సరుకు దగ్గరే నా వాదన మొదలవుతుంది. అసలు సరుకని తేలినంత మాత్రాన రాసినంత పని చేస్తుందనీ లేదు. 2020 చివర్లో ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ అని రాసుకున్న, ప్రపంచమంతా మెచ్చిన ఒక కొరియా సన్‌స్క్రీన్ స్వతంత్ర పరీక్షల్లో 20 లోపే తేలింది. అది నూటికి నూరుపాళ్లు ఒరిజినల్.

ఓడా, విమానమా

విమానంలో తెప్పిస్తే ధర ఆకాశానికి పోతుందని దిగుమతిదారులు అంటారు. ఒక 30 మిల్లీలీటర్ల సీరమ్ తీసుకుని చూద్దాం. గాజు సీసా, డ్రాపర్, అట్టపెట్టె కలిపి బరువు వంద గ్రాములు అనుకోండి. పెట్టె 4, 4, 12 సెంటీమీటర్లు, అంటే 192 ఘన సెంటీమీటర్లు. విమాన రవాణాలో ఘన సెంటీమీటర్లను 6,000తో భాగించి పరిమాణపు బరువు కడతారు. ఇక్కడ 32 గ్రాములు. రెండింటిలో ఎక్కువైన వంద గ్రాములకే డబ్బు కట్టాలి. కిలోకు 300 రూపాయలు అనుకుంటే సీసాకు 30.

ఇప్పుడు సుంకం. చెన్నై చేరేసరికి సీసా విలువ 400 రూపాయలు అనుకుందాం. బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 20 శాతం, 80 రూపాయలు. 2018 బడ్జెట్‌కు ముందు అది 10 శాతమే. ఆ 80 మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జ్, 8 రూపాయలు. మొత్తం 488 మీద 18 శాతం ఐజీఎస్టీ, 87 రూపాయల 84 పైసలు. ఐజీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌లో వెనక్కి వస్తుంది, మొదటి రెండూ రావు. రవాణా 30 పెరిగితే దాని మీద 22 శాతం, ఆరున్నర రూపాయలు. విమాన రవాణా ఎంతైనా సుంకం లెక్కలో ఎఫ్‌ఓబీ విలువలో (రవాణా, బీమా కలపని సరుకు విలువ) 20 శాతం దగ్గర ఆగిపోతుంది కూడా. పదిహేను వందలకు అమ్మే సీరమ్ మీద నలభై రూపాయల లోపు తేడా. దీనికోసం విటమిన్ సిని యార్డులో ఎండబెట్టడం వ్యాపారంగా చూసినా తెలివైన పని కాదు.

అన్నిటికీ ఇది చెల్లదు. అర కిలో షాంపూ, క్లెన్సర్, బాడీ లోషన్ ఓడలోనే రావాలి, వాటికి ఓడ చాలు. ఆల్కహాల్ ఉన్న పెర్ఫ్యూమ్, నెయిల్ పాలిష్ మండే సరుకు కిందికి వస్తాయి, విమానంలో వాటికి ప్రత్యేక ప్యాకింగ్, డిక్లరేషన్, అదనపు చార్జీ ఉంటాయి. సన్‌స్క్రీన్ మధ్యలో నిలుస్తుంది. ఎక్కువ మొత్తంలో తెస్తే చల్లబరిచే రీఫర్ కంటైనర్‌ను 15, 20 డిగ్రీల మధ్య పెట్టి తేవచ్చు. తక్కువైతే మార్చి నుంచి జూన్ దాకా విమానం, మిగతా కాలం ఓడ. పైవరసలో ఒకటి, మధ్యలో ఒకటి ఉష్ణోగ్రత రాసే చిన్న లాగర్ వేస్తే ఎవరి మాట నిజమో తెలిసిపోతుంది. సీరమ్ పెట్టెల కంటే అది ఖరీదైనదేమీ కాదు.

కొనేటప్పుడు

ఎల్-ఆస్కార్బిక్ సీరమ్ లేత గడ్డి రంగు వరకు ఫరవాలేదు. టీ రంగుకు వస్తే ఎంత గడువున్నా వద్దు. ముదురు రంగు సీసాలో ఉంటే డ్రాపర్‌తో తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి చూడాలి. రెటినాల్ అల్యూమినియం ట్యూబ్‌లోనో గాలి చొరబడని పంపులోనో ఉన్నది తీసుకోవాలి, వెడల్పు మూత డబ్బాలో ఉన్నది వదిలేయాలి. రోజ్‌హిప్ లాంటి నూనెలకు పాత నూనె కంపు వస్తే అంతే సంగతులు. తయారీ నెలకూ యూజ్ బిఫోర్‌కూ మధ్య ఉన్న కాలంలో సగం దాటిపోయి ఉంటే సీరమ్, సన్‌స్క్రీన్ కొనకండి. క్రీములకు మూడొంతుల దాకా చూడవచ్చు. ఇంటికి తెచ్చాక విటమిన్ సి ఫ్రిజ్ తలుపులో పెట్టుకోవచ్చు. సన్‌స్క్రీన్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, స్కూటీ డిక్కీలో పెట్టకుంటే చాలు.

పార్లర్‌కు సరుకు కొనేవాళ్లు డజన్ల లెక్కన తీసుకుంటారు కాబట్టి వాళ్ల మాటకు అంగడిలో బరువు ఎక్కువ. పెట్టె విప్పించి పైదొకటి, అడుగుదొకటి తీసి బ్యాచ్ నంబర్లు కలిపి చూడాలి, డజనులో రెండు బ్యాచ్‌లు కలిసి ఉండటం మామూలే. బిల్లు మీద సరుకు పేరు పక్కనే బ్యాచ్ నంబరు, యూజ్ బిఫోర్ నెల వేయించుకోవాలి. సరుకు విడిపోయో రంగు మారో తేలితే పదిహేను రోజుల్లో మార్చి ఇస్తానని అదే బిల్లు మీద రాయించుకోవాలి. రాయనన్న అంగడిలో కూడా నియాసినమైడ్ క్రీములు, షీట్ మాస్కులు, క్లెన్సర్లు తేదీ చూసుకుని కొనుక్కోవచ్చు. విటమిన్ సి, రెటినాల్, సన్‌స్క్రీన్ మాత్రం రాసిచ్చే అంగడిలోనే తీసుకోవాలి.